చెప్పి వచ్చే అప్సెట్లు

మార్చి వచ్చిందంటే నాకూ మా అల్లుడికీ పడదు. మిగతా నెలల్లో మనిషి బంగారం. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలవగానే ఒళ్ళో లాప్‌టాప్, చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. రిఫరీ ఇంకా బంతి ఎగరెయ్యకముందే, "మావయ్యా, ఈ మ్యాచ్‌లో అప్సెట్ ఉంది చూడండి" అంటాడు. పన్నెండో సీడ్ ఐదో సీడ్‌ని కొట్టే అవకాశం నూటికి ఇంత అని ఎవడో లెక్కగట్టి పెట్టాడట. ముందే తెలిస్తే అది అప్సెట్ ఎలా అవుతుందయ్యా? తీరా ఐదో సీడే గెలిస్తే ఈయనగారు మొహం మాడ్చుకుంటాడు.

మా రోజుల్లో అప్సెట్ చెప్పి వచ్చేది కాదు. నేను అమెరికా వచ్చిన కొత్తల్లో, 1983 ఫైనల్లో, ఎన్సీ స్టేట్‌కి ఎదురుగా హ్యూస్టన్. ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ ఇద్దరూ ఒకే టీములో. ఎన్సీ స్టేట్ నిలబడుతుందని నమ్మినవాడు మా గదిలో ఒక్కడు లేడు. పాత టీవీ, యాంటెన్నా ఎవరో ఒకరు పట్టుకుని నిలబడితే తప్ప బొమ్మ నిలిచేది కాదు. స్కోరు 52–52. ఆఖరి సెకన్లలో విటెన్‌బర్గ్ ఎక్కడో దూరం నుంచి విసిరాడు. బంతి రింగుని తాకను కూడా లేదు. కింద కాచుకుని ఉన్న లోరెంజో చార్ల్స్ దాన్ని గాల్లోనే దొరకబుచ్చుకుని బుట్టలో కుక్కేశాడు. 54–52! కోచ్ వల్వానో ఎవర్ని వాటేసుకోవాలో తెలియక కోర్టంతా పరుగులు. మా యాంటెన్నా మిత్రుడికి పాపం ఏమీ కనపడలేదు. రీప్లే అన్నా చూద్దామని అది వదిలేసి ఇటు వచ్చాడు, బొమ్మ పోయింది. ఆ రాత్రంతా వాడికి ఆ షాట్ మేము నోటితో చెబుతూనే ఉన్నాం, తలా ఒక రకంగా.

రెండేళ్ళకి విల్లనోవా. ఎనిమిదో సీడ్ వాళ్ళు, పాట్రిక్ యూయింగ్ ఉన్న జార్జ్‌టౌన్‌ని 66–64తో కొట్టారు. ఆ రాత్రి వాళ్ళు వేసిన షాట్లు 28, పడ్డవి 22. అప్పుడు టోర్నమెంట్‌లో షాట్ క్లాక్ లేదు. మంచి అవకాశం దొరికేదాకా బంతిని చేతులు మార్చుకుంటూ తాపీగా ఆడొచ్చు. మరుసటి సీజన్‌కి 45 సెకన్లు పెట్టారు, తర్వాత 35, ఇప్పుడు 30. చిన్న టీముకి ఉన్న ఆయుధం ఓపిక ఒక్కటే, దాన్ని తరుగుతూ వచ్చారు. బదులుగా మూడు పాయింట్ల గీత ఇచ్చారుగా అంటాడు అల్లుడు. నిజమే, 2024లో ఓక్లండ్ కుర్రాడు గోల్కీ పది త్రీలు వేసి కెంటకీని ఇంటికి పంపాడు. కాదనను.

అయినా 1996 ప్రిన్స్‌టన్‌ని చూసిన కళ్ళకి ఇవి ఆనవు. ఎదురుగా అంతకుముందు ఏడాది ఛాంపియన్ యూసీఎల్‌ఏ. మ్యాచ్ ముగియడానికి ఆరు నిమిషాలుందనగా 41–34తో ముందుంది. అంతే, మళ్ళీ ఒక్క పాయింటు వెయ్యలేదు. ప్రిన్స్‌టన్ వాళ్ళేమో పాస్, పాస్, మళ్ళీ పాస్. చివర్లో లెవుల్లిస్ బయటికి వస్తున్నట్టు నటించి, కాపలావాడి వీపు వెనక నుంచి బుట్ట కిందికి జారుకున్నాడు. బంతి కూడా అక్కడికే వచ్చింది. 43–41. ముసలి కోచ్ కరిల్ ఏళ్ళ తరబడి నేర్పిన ఎత్తు అదే. అందరికీ తెలిసిన ఎత్తుకే అంత పెద్ద టీము పడిపోయింది.

పందేలు మాకూ ఉండేవి, లేవనను. ఆఫీసులో జిరాక్స్ తీసిన బ్రాకెట్ షీటు, మనిషికి ఐదు డాలర్లు, పెన్సిలు, రబ్బరు. డబ్బు ఎప్పుడూ బాస్కెట్‌బాల్ చూడని రిసెప్షనిస్టుకే పోయేది. 2018లో సుప్రీంకోర్టు క్రీడా పందేలకి తలుపు తెరిచింది. ఆ కేసుని అక్కడిదాకా తీసుకెళ్ళింది మా న్యూజెర్సీయే. ఇప్పుడు ప్రతి కుర్రాడి జేబులోనూ బెట్టింగ్ యాప్. రెండో హాఫ్‌లో ఎవడు ఎన్ని రీబౌండ్లు తీస్తాడన్నదాని మీద కూడా డబ్బు. టీము గెలిచిందా ఓడిందా అన్నది తర్వాతి సంగతి.

కానీ ఒక తమాషా ఉంది. న్యూజెర్సీలో న్యూజెర్సీ కాలేజీల మీద పందెం కాయకూడదని చట్టం. 2022లో జెర్సీ సిటీ సెయింట్ పీటర్స్, న్యూవార్క్ అవెన్యూలో మన కొట్లకి దగ్గర్లోనే ఉన్న బుల్లి కాలేజీ, పదిహేనో సీడ్‌గా వెళ్ళి కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85–79తో పడగొట్టింది. తర్వాత మర్రే స్టేట్, ఆపైన పర్డ్యూ. పదిహేనో సీడ్ అంతదూరం వెళ్ళడం అదే మొదలు. అల్లుడికి కాయడానికి వీల్లేదు కదా, ఫోన్ పక్కన పెట్టి, మంచం మీంచి లేచి, చేతులు నెత్తిన పెట్టుకుని చూశాడు. మనిషి మ్యాచ్ చూస్తే ఎలా ఉంటాడో నాకు ఆ పది రోజులూ తెలిసింది.

నార్త్ కరోలినా చేతిలో 69–49తో ఓడాక ఆ సంబరం ఎన్నాళ్ళుంది? కోచ్ షహీన్ హాలవే సీటన్ హాల్‌కి వెళ్ళాడు. ఆటగాళ్ళలో మీసాల ఎడర్ట్ ఒక కాలేజీకి, బ్యాంక్స్ ఇంకో కాలేజీకి. మరుసటి ఏడాది టీనెక్‌లోని ఫెయిర్లీ డికిన్‌సన్. మన పిల్లలు ఎమ్మెస్‌కి వచ్చే కాలేజీయే. వాళ్ళు తమ కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడిపోయారు కూడా. గెలిచిన మెర్రిమాక్‌కి అప్పటికి అర్హత లేక వీళ్ళకి చోటు దక్కింది. డివిజన్ 1లో అందరికంటే పొట్టి టీము, పర్డ్యూలోని 7 అడుగుల 4 అంగుళాల ఎడీని చుట్టుముట్టి 63–58తో గెలిచింది. కోచ్ కొద్ది రోజుల్లోనే అయోనాకి.

కోచ్‌లు మా రోజుల్లోనూ ఎగిరిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆడే పిల్లలకి డబ్బు ఇస్తున్నారు, అది తప్పని కూడా అనను. వాళ్ళ చెమట మీద అందరూ బతికారు, వాళ్ళు తప్ప. నా బాధల్లా, ఆ గెలిచిన ఐదుగురినీ వచ్చే శీతాకాలం అదే జిమ్‌లో, పది డాలర్ల టిక్కెట్టుతో చూద్దామనుకునేవాడి సంగతేమిటని. మెరిసిన కుర్రాణ్ణి ఏప్రిల్‌లో పెద్ద కాలేజీ ఎత్తుకుపోతుంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతిలో ఓడటం మానేసి, చిన్నవాళ్ళని కొనడం నేర్చుకున్నారు. 2025 చూడండి: చివరి పదహారు టీములూ నాలుగు పెద్ద కాన్ఫరెన్సులవే, ఫైనల్ ఫోర్‌లో నాలుగూ నంబర్ వన్ సీడ్లే. మా అల్లుడి బ్రాకెట్ ఎప్పుడూ అంత బాగా రాలేదు.

ఆ ఏడాది పన్నెండో సీడ్ మెక్‌నీస్ 69–67తో క్లెమ్సన్‌ని కొట్టింది, టోర్నమెంట్‌లో వాళ్ళకి అదే మొదటి గెలుపు. లేచి చప్పట్లు కొట్టాను. వెనక నుంచి అల్లుడు, "ఇది నేను ముందే వేసుకున్నాను మావయ్యా. వాళ్ళ కోచ్ కూడా వెళ్ళిపోతున్నాట్ట, తెలుసా?" అన్నాడు. ఎక్కడికని అడిగాను.

ఎన్సీ స్టేట్‌కట.