టెంప్లేట్రావు

టెంప్లేట్రావుకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. విజిటింగ్ కార్డు మీద అదే ఉంటుంది, కింద ‘వెబ్ డిజైనర్’ అని. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎక్కడో హెచ్‌టీఎంఎల్ ముగించి, సీఎస్ఎస్ సగంలో ఉండగా ఉచిత టెంప్లేట్లు దొరికే చోటు తెలిసిపోయింది. అంతటితో చదువు ఆగి వ్యాపారం మొదలైంది.

టెంప్లేట్ దించుకోగానే చేసే మొదటి పని, అట్టడుగున చిన్నక్షరాల్లో ఉండే అసలు డిజైనర్ పేరు చెరిపేసి తన పేరు పెట్టుకోవడం. ఆ పేరు ఉంచితేనే ఉచితమని చాలా లైసెన్సుల్లో రాసి ఉంటుంది. లైసెన్సు చదివే ఓపికే ఉంటే సీఎస్ఎస్ పూర్తి చేసేవాడు కదా!

ఈమధ్య పచ్చళ్ళ కొట్టాయన ఒకరు దొరికారు.

“ఎన్ని రకాలు అంకుల్?”

“ఐదు బాబూ. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, ఉసిరి.”

“ఐదు పట్టవంకుల్. మూడు చెప్పండి. పోనీ ఇంకోటి కలిపి ఆరు చెయ్యండి.”

పూర్తిగా అతణ్ణే అనలేం. ట్విట్టర్‌లో పుట్టి 2011లో బయటికొచ్చిన బూట్‌స్ట్రాప్ అనే సరంజామా పేజీని అడ్డంగా 12 భాగాలు చేస్తుంది. మూడైనా, నాలుగైనా, ఆరైనా చక్కగా సర్దుకుంటాయి. ఐదు పెడితే శేషం మిగులుతుంది. దానికీ ఉపాయముంది గానీ, అది సీఎస్ఎస్ రెండో సగంలో ఉంది. కాబట్టి మాగాయ, ఉసిరి బలైపోయాయి. కొట్టు పేరు మెనూలో రెండు వరుసలు అవుతోందని దాన్నీ కత్తిరించాడు. లక్ష్మి పోయి నరసింహస్వామి ఒక్కడే మిగిలాడు.

సైటు తెరవగానే కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్ళు గాజుగదిలో చేతులు కలిపి నవ్వుతున్నారు.

“వీళ్ళెవరు నాయనా?”

“మీ టీమ్ అంకుల్.”

‘మా గురించి’ అన్నచోట లాటిన్ ఉంది. ఖాళీ నింపడానికి వాడే ఆ వాక్యాలు క్రీ.పూ. 45లో రోమన్ రచయిత సిసిరో మంచిచెడుల గురించి రాసిన గ్రంథాన్ని ముక్కలు చెక్కలు చేసినవి. కారం ప్రస్తావన వాటిలో లేదు. కొట్టాయన తన మేటర్ ఇవ్వకపోలేదు. ఫ్లెక్సీ షాపులో టైపు చేయించి మరీ ఇచ్చాడు. అది అను ఫాంటులో ఉంది, యూనికోడ్ కాదు. పేజీలో అతికిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. రెంటిలో లాటినే పొందిగ్గా ఉందని రావు దాన్నే ఉంచాడు.

ఆ కింద గిర్రున తిరిగి ఆగే అంకెలు: సంతృప్తి చెందిన కస్టమర్లు 1,200, పూర్తయిన ప్రాజెక్టులు 850, తాగిన కాఫీలు 3,450.

“నేను కాఫీ తాగను బాబూ.”

“తీసేస్తే అక్కడ ఖాళీ వస్తదంకుల్.”

కొట్టాయన ఇంకోసారి చూశాడు. అంకెలు తిరుగుతుంటే బాగానే ఉంది. డబ్బులిచ్చేశాడు.

వారం తిరక్కుండా ఎదురు కొట్టువాడు రావుకు ఫోన్ చేశాడు. తనకూ అచ్చం అలాంటిదే కావాలట, అదే రేటుకి. కాకపోతే కాఫీలు మాత్రం 5,000కి తగ్గకూడదట.