చీపురుకు కమీషన్ లేదు

పుడితే చిత్తూరు జిల్లాలో బాయిలర్ కోడిగా పుట్టాలి. మనిషికి జ్వరమొస్తే పలమనేరులో బస్సెక్కి తిరుపతికో రాయవేలూరికో పోయి, తెల్లారకముందే టోకెన్ లైన్లో నిలబడాల. కోడికి ఆ అగచాట్లు లేవు. జబ్బు రాకముందే మందు తాగేనీళ్లలో కలిసి ముక్కుదాకా వస్తుంది. చీటీ లేదు, పరీక్ష లేదు. నలభై రోజుల బతుక్కి ఇంత ముందుచూపు ఏ ప్రభుత్వం ఏ పౌరుడికి చూపింది?

ఈ వైభోగం అమెరికాలో మొదలైంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు పెద్దగా ఉన్న లెడర్లీ మందుల కంపెనీలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పుట్టింది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడే ఆయన పోయారు. మందు తీయగా మిగిలిన పిప్పిని అక్కడివాళ్లు కోడిపిల్లలకు పెట్టి చూస్తే చకచకా బరువెక్కాయి. ప్రాణం నిలిపే మందు కాస్తా మాంసం పెంచే దినుసైంది.

మందుతో ఆ పెంపకం చాలని స్వీడన్ 1986లోనే అనేసింది, యూరప్ 2006లో అంది. మన కేంద్రం 2019 జులైలో కోళ్లకు కొలిస్టిన్‌ను నిషేధించింది. వేరే మందులన్నీ చేతులెత్తేశాక ఐసీయూ డాక్టరు చివరగా బయటికి తీసేది అది. డాక్టరు దాచుకున్న ఆ మందును అన్నాళ్లూ కోళ్లు ఒళ్లు చేయడానికి తిన్నాయి!

సరే, షెడ్డులోకి రండి. ముక్కు మూసుకోండి. ఊక తడిసి గడ్డకట్టింది. అమ్మోనియా ఘాటుకు కోడి గొంతులోని సన్న రోమాలు చచ్చిపోతే, దుమ్ముతోపాటు ఈ-కోలి క్రిమి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మందు లేకుండా దాన్ని ఆపాలంటే ఊక తిరగెయ్యాల, సున్నం చల్లాల, నీళ్లలో క్లోరిన్ కలపాల, బ్యాచ్ ఎత్తినాక షెడ్డు కడిగి ఖాళీగా ఎండబెట్టాల. ఈ చదువు చెప్పడానికి తిరుపతిలో 1955 నుంచే పశువైద్య కళాశాల ఉంది.

రైతును అడగండి. "పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డూ, కరెంటు బిల్లూ, కంపూ మావి. కిలోకింతని వాళ్లిచ్చే కూలిలో కొత్త ఊకకు దుడ్డు యాడ తెచ్చేది సామీ?"

నిజమే. సున్నం మూటకు స్కీములేమున్నాయి? చీపుర్లమ్మేవాడు డీలర్లను బ్యాంకాక్ తిప్పుతాడా? కోతకు ముందు మందు ఆపి కొన్నాళ్లు ఆగాలనే నియమం పుస్తకంలో ఉంది. రేటు లేచి లారీ రేపే వస్తానంటే ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు?

ఆదివారం అంగడాయన మనల్ని అడిగేది ఒకటే: "స్కిన్నా, స్కిన్‌లెస్సా?" మనం కాసేపు ఆలోచించి స్కిన్‌లెస్ అంటాం. ఆరోగ్యం ముఖ్యం కదా.