కెర్నల్ పోయాకే నాకు పని

నా పేరు కెడంప్. ఉండేది లినక్స్ కెర్నల్లో. కెర్నల్ బతికున్నన్నాళ్లూ నన్ను తలిచే దిక్కుండదు. అది ప్యానిక్ అయి కుప్పకూలితే, ఆ క్షణాన దాని మెమరీలో ఏముందో ఉన్నదున్నట్టు పట్టి భద్రం చెయ్యడం నా ఉద్యోగం. సర్వర్ చచ్చిన రాత్రి ఫోన్లో అడిగే మొదటి మాట "డంప్ పడిందా?" అని. పడితే అందరూ ఆ డంప్ చుట్టూ మూగుతారు, నా ఊసెత్తరు. పడకపోతే నన్ను తిట్టనివాడు ఉండడు.

ఈ పని నాకంటే ముందు చేసినవాళ్లున్నారు. పాత యూనిక్స్‌లలో చచ్చే కెర్నలే తన మెమరీని స్వాప్ జాగాలోకి రాసుకునేది. మళ్లీ బూట్ అయ్యాక సేవ్‌కోర్ అనే ప్రోగ్రాం దాన్ని అక్కణ్ణించి ఏరి ఫైలుగా దాచేది. లినక్స్ కోసం ఎస్‌జీఐ కంపెనీవాళ్లు ఎల్‌కేసీడీ అనేదాన్ని తయారుచేశారు. 2002లో దాన్ని అసలు కెర్నల్లో కలపమంటే లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. డిస్క్‌డంప్, నెట్‌డంప్ అని మరికొన్ని వచ్చాయి. అన్నిటికీ ఒకటే జబ్బు. ఏ కెర్నల్ మతి చెడిందో, మళ్లీ దాని మాటే నమ్మాలి. డిస్కు డ్రైవర్లోనే తప్పుంటే ఆ డ్రైవర్‌తోనే డిస్కుకి రాయడం ఎలా? లాకు పట్టుకుని చచ్చిన ప్రాసెసర్ ఆ లాకు ఎప్పటికి వదులుతుంది? ఇంకా ఘోరం ఏమిటంటే, డంప్ రాయబోయి మంచి డేటా మీద రాసేసే ప్రమాదం.

నా పుట్టుకకు మూలం కెఎక్సెక్. బయోస్ గడప తొక్కకుండా, నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్లోకి దూకే విద్య అది. ఎరిక్ బీడర్‌మన్ రాసింది. ఆ విద్యని చావు వేళకి వాడుకుంటే? ఆ ఆలోచన మీద బీడర్‌మన్‌తో కలిసి పనిచేసినవాళ్లలో బెంగళూరు ఐబీఎం ఇంజనీర్లు ఉన్నారు. 2005లో 2.6.13 వెర్షన్‌తో కెఎక్సెక్, నేను ఒకేసారి కెర్నల్లో అడుగుపెట్టాం. అదే ఏడు ఒట్టావాలో జరిగిన లినక్స్ సభలో నా గురించి పత్రం చదివారు.

నా పద్ధతి పూర్తిగా అపనమ్మకం మీద నడుస్తుంది. బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీ విడిగా కట్టిపెట్టుకుంటాను; క్రాష్‌కెర్నల్=256ఎం అని కమాండ్ లైన్లో రాస్తారే, అది నా జాగా. అందులో రెండో కెర్నల్‌ని ముందే ఎక్కించి ఉంచుతారు. మొదటిది ప్యానిక్ అవగానే మిగతా ప్రాసెసర్లకి ఎన్ఎంఐ కొడతాను, అంటే ఎవరూ కాదనడానికి వీల్లేని ఇంటరప్ట్. ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. వాళ్ల రిజిస్టర్లలో ఏముందో నోట్ చేసుకుంటాను. దూకే ముందు, ఎక్కించి పెట్టినది చెడిపోలేదు కదా అని షా-256తో సరిచూసుకుంటాను. చచ్చే కెర్నల్ పిచ్చి రాతలు ఎంతవరకు పాకాయో ఎవరికి తెలుసు! ఆ తర్వాతే రెండో కెర్నల్ లేస్తుంది. పాత మెమరీ మొత్తం దానికి వీఎంకోర్ అనే ఒకే ఫైలుగా కనిపిస్తుంది. మేక్‌డంప్‌ఫైల్ వచ్చి సున్నాల పేజీలు, క్యాష్ పేజీలు, ఖాళీ పేజీలు తీసేసి, మిగిలింది కుదించి డిస్కులో పెడుతుంది.

ఇంత జాగ్రత్త గల నా కోడు ఎంత గలీజుగా ఉండేదో ఇక చెబుతాను.

రోజూ నడిచే కోడుని రోజూ ఎవరో ఒకరు చూస్తారు, తప్పుంటే సాయంత్రానికల్లా ఫిర్యాదు వస్తుంది. నాలో తప్పుంటే ఏ సర్వరైనా చచ్చేదాకా బయటపడదు. అందుకని నన్ను ముట్టుకోడానికి అందరికీ భయం. ఎక్స్86లో జాగా కట్టే ఫంక్షన్ ఒకటుంటే, ఆర్మ్64 వాళ్లు దాన్ని చూసి తమదొకటి రాసుకున్నారు, రిస్క్-ఫైవ్ వాళ్లు ఇంకొకటి. అన్నీ చూడ్డానికి ఒకలాగే ఉండి చిన్న చిన్న చోట్ల తేడాగా ప్రవర్తించేవి. దీన్ని సరిచెయ్యడానికి 2023 దాకా పట్టింది. అందరికీ కలిపి ఒకే ఫంక్షన్ పెట్టి, ఎవరి ప్రత్యేకతలు వాళ్ల దగ్గర మాత్రమే ఉంచారు.

ఎక్స్86లో కింది 640 కిలోబైట్ల వ్యవహారం మరో ముచ్చట. ఆ కాస్త మెమరీ లేకుండా రెండో కెర్నల్ లేవలేదు. కాబట్టి అందులోని పాత సమాచారాన్ని దూకే ముందు పక్కకి కాపీ చేసి పెట్టేవాళ్లు. మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసే ప్రాసెసర్లు వచ్చాక ఆ కాపీ సరిగా కుదరలేదు. 5.5 వెర్షన్‌లో తేలికైన దారి తొక్కారు: నా జాగా అడిగినప్పుడే కింది 1 మెగాబైట్ కూడా కట్టిపెట్టేస్తే కెర్నల్ అక్కడ ఏమీ రాసుకోదు, కాపీ అవసరమే లేదు. కాపీ చేసే కోడంతా ఎగిరిపోయింది. నన్నడిగితే శుభ్రం చెయ్యడమంటే ఇదే. కోడుని ముస్తాబు చెయ్యడం ఎవడైనా చేస్తాడు, అక్కర్లేకుండా చెయ్యడానికి బుర్ర కావాలి.

అసలు గొడవ కెఎక్సెక్‌తో. మాది ఉమ్మడి కాపురం. నా ఫంక్షన్లు సగం దాని ఫైళ్లలో ఉండేవి. 2017లో క్రాష్‌కోర్ అని నాకొక గది ఇచ్చారు గానీ, దాని తలుపు ఎవరు పడితే వాళ్లు తీసేలా ఉండేది. నడుస్తున్న కెర్నల్ని చూపించే కేకోర్‌కి కావలసింది వీఎంకోర్‌ఇన్ఫో అనే చిన్న పట్టిక మాత్రమే. పవర్‌పీసీలో డంప్ పట్టే ఫాడంప్‌కి ఇంకో రెండు ముక్కలు కావాలి. అయినా ఇద్దరిలో ఎవరు అడిగినా గది మొత్తం తెరుచుకునేది. చూసేవాడికి క్రాష్ డంప్ ఉన్నట్టే కనపడేది, ఉండేది కాదు. మరోవైపు, రీబూట్ త్వరగా అయితే చాలు డంప్ వద్దు అనుకుని కెఎక్సెక్ ఒక్కటే పెట్టుకున్నవాడికి నన్ను కూడా అంటగట్టేవాళ్లు.

మనుషులు దీన్ని ఏళ్ల తరబడి ఓర్చుకున్నారు. ఒక పరీక్ష రోబో ఓర్చుకోలేదు. రకరకాల కాన్ఫిగ్‌లతో కెర్నల్ని కట్టి చూడడం దాని పని. అది ఒక బిల్డ్ ఎర్రర్ పట్టుకొచ్చింది. దాన్ని సర్దబోతే, అప్పుడున్న కాన్ఫిగ్ చిక్కుముడిలో ఎటు లాగినా మరోచోట బిగుసుకుంటోందని తేలింది. ఆ తర్వాత 2024లో 6.9 వెర్షన్‌లో పంపకాలు జరిగాయి. జాగా కట్టే పని ఒక ఫైలుకి, వీఎంకోర్‌ఇన్ఫో ఒక ఫైలుకి పోయాయి. ప్యానిక్ వేళ నడిచే ఫంక్షన్లు కెఎక్సెక్ ఇంట్లోంచి లేచి నా ఫైలుకి వచ్చాయి. క్రాష్‌కోర్ అనే కాన్ఫిగ్ పేరే తీసేశారు. కేకోర్ ఇప్పుడు తన పట్టిక తాను తీసుకుని వెళ్లిపోతుంది.

పైనుంచి చూస్తే ఏమీ మారలేదు. కానీ ఎక్స్86, ఆర్మ్, ఎస్390, మిప్స్, లూంగ్‌ఆర్చ్ ఇలా ఒక్కో ఆర్కిటెక్చర్‌లోకీ వెళ్లి, ఏ లైను నాది ఏ లైను కెఎక్సెక్‌ది అని తేల్చి మధ్యలో ఇఫ్‌డెఫ్‌లు పాతాలి. ఒకటి తప్పితే ఏదో కాన్ఫిగ్‌లో బిల్డ్ పగులుతుంది. అది ఇంకా నయం. బిల్డ్ అయి, డంప్ రాకపోతేనే ముప్పు. సరిగా ఉన్నానో లేదో తేల్చుకోడానికి మార్గం ఒక్కటే: నిక్షేపంగా నడుస్తున్న మెషీన్‌ని, సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌లో 'సి' అక్షరం రాసి, చేజేతులా చంపడం.

చంపినా అన్నీ తెలియవు. ఒకప్పుడు నేను పట్టుకునే లాకు మ్యూటెక్స్. మామూలు ప్యానిక్‌లో అది సరిగ్గానే పనిచేస్తుంది. ఎన్ఎంఐ లోపలే ప్యానిక్ అయితే మ్యూటెక్స్ ముట్టుకోకూడదు. మామూలుగా చంపి చూసే పరీక్షలో ఇది బయటపడదు. 2022లో దాన్ని తీసి అటామిక్ వేరియబుల్ పెట్టారు.

నా మీద పాత ఫిర్యాదు ఇంకొకటుంది: ఏనాడో వచ్చే చావు కోసం వందల మెగాబైట్లు ఊరికే కట్టిపెట్టుకు కూర్చుంటానని. నిజమే. 2025లో దానికీ ఒక ఉపాయం వచ్చింది. నా జాగాలో కొంత సీఎంఏ పద్ధతిలో కట్టి, మామూలు రోజుల్లో యూజర్ ప్రోగ్రాముల పేజీలకి వాడుకోనిస్తారు. ప్యానిక్ అయితే ఆ పేజీల మీద రెండో కెర్నల్ రాసేసుకుంటుంది. డంప్‌లో యూజర్ పేజీలు ఎలాగూ చాలామంది ఉంచుకోరు. చిక్కల్లా డీఎంఏ, అంటే పరికరాలు ప్రాసెసర్‌తో పనిలేకుండా నేరుగా మెమరీలో రాయడం. కెర్నల్ చచ్చిందని నెట్‌వర్క్ కార్డుకి తెలియదు, పాత చిరునామాకే డేటా పోస్తూ ఉండొచ్చు. అందుకని ఆ పద్ధతి పెట్టుకుంటే, దూకే ముందు 10 సెకన్లు ఏమీ చెయ్యకుండా నిలబడమన్నారు. నిలబడుతున్నాను.