వెబర్ నది ఒడ్డున ఒక సంకర వృక్షం కథ

ఈ కథలోని చెట్టు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వెబర్ నది ఒడ్డున మొలిచిన సంకరజాతి కాటన్‌వుడ్. యూయింటా కొండల్లో పుట్టి గ్రేట్ సాల్ట్ లేక్‌లో కలిసే ఆ నది వెంట, దిగువన రావి ఆకును తలపించే వెడల్పాటి ఆకుల ఫ్రీమాంట్ జాతి, ఎగువన సన్నాకు జాతి పెరుగుతాయి. రెండూ ఎదురయ్యే చోట పుప్పొడి గాలికి ఎగిరి సంకరం జరుగుతుంది. ఈ చెట్టు జన్యువుల్లో సగం ఒక జాతివి, సగం మరో జాతివి.

ఆ వారసత్వంలో చుట్టుపక్కల ప్రాణులను ఎక్కువగా శాసించేది టానిన్. ఆకుకూ బెరడుకూ వగరునిచ్చే ఈ పదార్థం ఎంత ఉండాలన్నది చాలావరకు జన్యువులే తేలుస్తాయి. సన్నాకు జాతిలో ఎక్కువ, ఫ్రీమాంట్‌లో తక్కువ, సంకరాల్లో రెండింటి నడుమ. ఆకు రాలినా టానిన్ ప్రభావం పోదు. అది ఎక్కువున్న ఆకు నేలమీదా ఏటి నీళ్లలోనూ నెమ్మదిగా కుళ్లుతుంది, మట్టికి నత్రజని ఆలస్యంగా అందుతుంది. అలాంటి చెట్లు సన్నవేళ్లు ఎక్కువగా వేస్తాయి. నత్రజని కొరతను అవి అలా పూడ్చుకుంటున్నాయని చెప్పుకోవచ్చు.

బీవర్లకు ఈ తేడా బాగా తెలుసు. అవి టానిన్ తక్కువున్న చెట్లను ఎంచి కొరుకుతాయి, వగరు చెట్లు మిగిలిపోతాయి. ఆ విధంగా ఏ జన్యువులు ఒడ్డున నిలవాలన్నది కొంత వాటి పళ్లే నిర్ణయిస్తాయి. కొరికిన మోడు నుంచి వచ్చే చిగుళ్లలో రక్షణ రసాయనాలు పెరుగుతాయి. విచిత్రంగా ఒక ఆకుపురుగుకు అవే మేలు: వాటిని ఒంట్లో దాచుకుని శత్రువులను దూరంగా ఉంచుతుంది.

ఆకులపై బుడిపెలు కట్టే పేనుబంక అన్ని చెట్లకూ ఒకేలా పట్టదు. సంకర ప్రాంతంలోని కొన్ని చెట్లపై అది గుంపులుగా చేరుతుంది, పక్కనున్న నిరోధక చెట్టు దాదాపు ఖాళీగా ఉంటుంది. పేనుబంక చేరిన చోటికి దాన్ని తినే పురుగులూ పక్షులూ వస్తాయి.

నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ విథమ్ బృందం ఈ గొలుసును దశాబ్దాలు అధ్యయనం చేసి, 2003లో దాన్ని సమాజ జన్యుశాస్త్రం, అంటే ఒక జాతి జన్యువులు చుట్టూ ఉన్న ప్రాణుల సమాజాన్ని ఎలా మలుస్తాయో చూసే శాస్త్రం, దృష్టితో వివరించింది. నేలదా ప్రభావం, జన్యువులదా అన్న సందేహం తీర్చడానికి వేర్వేరు చెట్ల కొమ్మలను ఒకే తోటలో పెంచి చూశారు. ఒకే చెట్టు కొమ్మల మీద చేరిన పురుగుల గుంపులు ఒకదానినొకటి పోలి ఉన్నాయి, వేరు చెట్ల కొమ్మల మీద వేరుగా ఉన్నాయి. కాబట్టి నశించిన ఏటి ఒడ్డు అడవిని ఒకటి రెండు చెట్ల కొమ్మలతోనే తిరిగి నింపితే, చెట్ల సంఖ్య నిండినా, ఆ ఒడ్డున బతికే పురుగుల్లో చాలావాటికి చోటుండదు.