పగలు ప్లాను, రాత్రి పరిశోధన

ఆర్కిటెక్చర్ రంగంలో ఈ మధ్య బాగా చెల్లుబాటవుతున్న మాట ఒకటుంది: ఉద్యోగం మానక్కర్లేదు, చేస్తూనే ఎంఆర్క్ లాగించెయ్యండి, ఆఫీసే మీ తరగతి గది. అవ్వా కావాలి బువ్వా కావాలి అన్నవాణ్ణి మన పెద్దలు వెక్కిరించారు గానీ, పాపం, వాళ్లకు సెమిస్టర్ ఫీజు సంగతి తెలియదు. పగలంతా బాత్రూము డ్రాయింగులు గీసిన చెయ్యే రాత్రి పదకొండింటికి నగరమూ సామూహిక స్మృతీ అంటూ థీసిస్ టైపు చేస్తుంది. పొద్దున క్లయింటు తిరగ్గొట్టిన ఏడో రివిజన్ సాయంత్రానికి పేరు మార్చుకుని డిజైన్ అన్వేషణగా జూరీ ముందు నిలబడుతుంది. సిద్ధాంతమూ అనుభవమూ ఇలా ఏకమయ్యాయని అందరూ మురిసిపోతున్నారు.

ఇంత తంటా దేనికో ముందు చూద్దాం. ఐదేళ్ల బీఆర్క్ పూర్తిచేసి, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, దేశంలో ఎక్కడైనా ఆర్కిటెక్టునని బోర్డు కట్టుకోవచ్చు. ఆ పైన ఎంఆర్క్ చేసినంత మాత్రాన సంతకానికి కొత్త బలమేమీ రాదు. ఆ మాటకొస్తే చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరునే తప్ప గీసే పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే నమోదు లేనివాడు కూడా ఇల్లు డిజైన్ చేయొచ్చు, ఆర్కిటెక్టునని మాత్రం చెప్పుకోకూడదు. కాబట్టి ప్రాక్టీసు కోసమైతే ఈ రెండో డిగ్రీ తప్పనిసరి కాదు. పాత కట్టడాల పరిరక్షణో, అర్బన్ డిజైనో లోతుగా నేర్చుకోవాలనుకునేవాళ్లు కొందరుంటారు, వాళ్లకో దండం. మిగిలినవాళ్లలో చాలామందికి ఇది కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి టిక్కెట్టు. ఎలా బోధించాలో నేర్చుకోవాల్సిన రెండేళ్లనూ బోధన అందని చోట గడిపి, అదే అర్హతగా బోధించడానికి వెళ్తారన్న మాట. ఇందులో వింత ఎవరికీ కనిపించకపోవడమే అసలు వింత.

ఆఫీసే తరగతి గది అన్నవాళ్లు ఒక్క మెట్ల డ్రాయింగును దగ్గరగా చూస్తే చాలు. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని, కాలు మోపే వెడల్పు 250కి తగ్గకూడదని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మూడు మీటర్ల అంతస్తు ఎక్కాలంటే ఆ హద్దుకు లోబడి 16 ఎత్తులతో సరిపెట్టొచ్చు. ఒక్కో ఎత్తును 150కి దించితే 20 కావాలి. మధ్యలో తిరిగే మెట్లయితే ఒక్కో వరుసలో రెండేసి మెట్లు పెరుగుతాయి, మెట్ల గది మరో అడుగున్నరో రెండడుగులో సాగుతుంది. ఆ మేరకు పక్కనున్న పడగ్గది చిక్కిపోతుంది. ఆఫీసులో ఈ లెక్క అర నిమిషంలో తేలిపోతుంది: 16 వేసెయ్, పడగ్గది పెద్దదవుతుంది, క్లయింటు సంతోషిస్తాడు. ఆఫీసు తప్పేమీ లేదు, దాని పని సాయంత్రానికి షీటు పంపడం. కానీ ఆ హద్దునే ఎందుకు అందరూ కొలతగా వాడేస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ రోజుకు ఎన్నిసార్లు ఆ మెట్లెక్కుతుంది, నీళ్ల క్యాను మోసే కుర్రాడు ఎన్నో మెట్టు దగ్గర ఆగుతాడు అని అడిగి, ఒక కాలనీలో నలభై ఇళ్ల మెట్లు టేపు పెట్టి కొలిచి, మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని చూసి రాయగలిగేది చదువు. దానికి మధ్యాహ్నాలు కావాలి. ఆ మధ్యాహ్నాలను నెల జీతానికి అమ్మేసుకున్నాక వాటినే మళ్లీ కాలేజీకి అప్పగించామని చెప్పడం ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేయడం లాంటిది. మన ఊళ్లలో ఆ పనికి పోలీసు కేసు పెడతారు, ఇక్కడ పట్టా ఇస్తున్నారు.

దొరల సీమలో ఇది చక్కగా నడుస్తోంది కదా అంటారు. నడిచింది, ఎలా నడిచిందో కూడా చెప్పాలి మరి. ఇంగ్లండులో 2018 నుంచి ఆర్కిటెక్టులకు పీజీ స్థాయి అప్రెంటిస్‌షిప్ ఉంది. అందులో పని గంటల్లో దాదాపు ఐదో వంతును, అంటే వారానికి ఇంచుమించు ఒక రోజును, జీతం కోయకుండా చదువుకు వదలాలన్నది మొదట్లో పెట్టిన షరతు. ఫీజు విద్యార్థి కట్టడు. మనవాళ్లు ఆ పద్ధతి పేరు మాత్రం తెచ్చుకుని ఆ ఒక్క రోజును విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చారు. అక్కడ మాత్రం అంతా సవ్యమా అంటే, ఆ స్థాయి కోర్సులకిచ్చే ప్రభుత్వ సొమ్మును 2026 జనవరి నుంచి 21 ఏళ్లు దాటి చేరేవాళ్లలో చాలామందికి ఆపేస్తామన్నారు. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి మూడేళ్ల డిగ్రీ, ఏడాది ఆఫీసు అనుభవం ముగిస్తే వచ్చేది 22. సర్కారువారి లెక్కల చాతుర్యానికి ఖండాంతరాల్లోనూ లోటులేదు.

ఇక ఆర్కిటెక్చర్‌లో మహానుభావుల పేర్లు చెబుతారు. తడావో ఆండో కాలేజీలో ఆర్కిటెక్చర్ చదవలేదు, బాలకృష్ణ దోషి పారిస్‌లో లె కార్బూజియే దగ్గర చేతిపని నేర్చుకున్నాడు, మీరేమిటి తరగతి గది అంటూ పట్టుకు వేలాడుతున్నారని అడుగుతారు. నిజమే. 1951లో అక్కడ చేరిన దోషికి మొదటి ఎనిమిది నెలలు జీతమే లేదు కూడా. కానీ ఆ చేరడాన్ని ఎవరూ సెమిస్టరని పిలవలేదు, ఫీజు వసూలు చేయలేదు, చివర పట్టా చేతిలో పెట్టలేదు. ఆఫీసులో నేర్చుకోవడానికి అడ్డేముంది? అందరూ అక్కడే నేర్చుకుంటారు. నేర్పేవాడికి తీరికుండాలి, అంతే. కార్బూజియే పొద్దున బొమ్మలేసుకుని మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేవాడట, అందుకే కాబోలు అతని దగ్గర కుర్రాళ్లకు కూడా కాస్త ఊపిరాడింది. ఫోన్లో క్లయింటు, వాట్సాప్‌లో కాంట్రాక్టరు, తలుపవతల మున్సిపాలిటీ ఫైలు ఉన్న మన ప్రిన్సిపల్ ఆర్కిటెక్టు గారిని గురువుగా కూడా లెక్కేయడం ఆయనకే అన్యాయం. ఇంకో ముచ్చట: అదే దోషి 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ కోసం ఒక కాలేజీ పెట్టాడు. ఆఫీసే చాలనుకుని ఉంటే ఆ శ్రమ పడేవాడు కాదు.

జీతం మానుకుని రెండేళ్లు కూర్చునే స్తోమత ఎంతమందికుంది అన్న ప్రశ్నకు మాత్రం వెక్కిరింత పనికిరాదు. ఇంటి అద్దె, చెల్లెలి చదువు, బ్యాంకు వాయిదా నిజం. అందుకే మార్గం కూడా సూటిగానే ఉండాలి: రెండేళ్ల కోర్సును నాలుగేళ్లకు సాగదియ్యండి, వారంలో ఒకటిన్నర రోజు విద్యార్థిని కాలేజీకి వదిలేస్తామని ఆఫీసు చేత రాతపూర్వకంగా ఒప్పించండి, ఆ గంటలకు జీతం కోయకండి, ఆఫీసు ప్రాజెక్టును థీసిస్‌గా పెట్టనివ్వకండి. అప్పుడది పని చేస్తూ చదవడమే అవుతుంది. ఈ షరతులు వినగానే ఆఫీసులు మాకు గిట్టదంటాయి, కాలేజీలు సీట్లు నిండవంటాయి. ఎవరి బేరం ఎవరి నెత్తిన నడుస్తోందో ఆ జవాబుల్లోనే ఉంది. ఆఫీసు దీన్ని చదువంటూ జీతం తగ్గించుకుంటుంది, కాలేజీ దీన్ని అనుభవమంటూ పాఠం తగ్గించుకుంటుంది. తగ్గినవి రెండూ ఒక్కడి జేబులోంచే.

ఆ ఒక్కడు ఎలాగో గట్టెక్కి పట్టా తీసుకుంటాడు, కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరవుతాడు. మరుసటి ఏడాది సాయంత్రం ఏడింటికి, ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఆవలిస్తున్న ఓ విద్యార్థి షీటు పరుస్తాడు. సార్, ఇంట్లో మెట్టు ఎత్తు ఎంత వెయ్యమంటారు? సార్ గడియారం చూసుకుంటాడు, ఆయనకూ బయట ఒక ప్రాక్టీసుంది. కోడ్‌లో 190 ఉంది కదమ్మా, అదే వేసెయ్.