ముద్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రబ్బీ!

హిల్లెల్ పేరు ముందు ఏ బిరుదూ లేదు. షమ్మాయ్‌కీ లేదు. యూదు ధర్మశాస్త్రానికి ఆ ఇద్దరూ రెండు కళ్లు. ‘రబ్బీ’ (మతగురువు) అనే బిరుదు వాడుకలోకి వచ్చింది వాళ్ల తరవాతే. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చారు. పూజారి పని పోయింది, పండితుడికి పీట పడింది.

ఆ పీట మెత్తగా ఉందనుకున్నారా? రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో రబ్బీ పట్టా ఇచ్చినవాడికీ చావే, పుచ్చుకున్నవాడికీ చావే. అయినా యూదా బెన్ బావా ఐదుగురు శిష్యులకు పట్టా ఇచ్చి, రోమన్ ఈటెలకు బలయ్యాడని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ కథనం. రబ్బీ యెహోషువా ఇంటి గోడలు బొగ్గు మసి కొట్టుకుపోయి ఉండేవట. అది చూసి పండితుల నాయకుడు గమలియేల్ ఆశ్చర్యపోయాడు. పండితులు ఎలా బతుకుతున్నారో తెలియని నాయకుడు దొరకడం ఈ తరం ఖర్మ అని యెహోషువా మొహం మీదే అనేశాడు.

డబ్బు పోసి పదవి కొన్న ఘనులు లేరా? ఉన్నారు. జెరూసలేం తాల్ముదే వాళ్లను ఉతికి ఆరేసింది. వాళ్లొస్తే లేచి నిలబడొద్దంది. రబ్బీ అని పిలవొద్దంది. ఒంటి మీది శాలువాను గాడిద గంతతో పోల్చింది!

ఆ పాత పట్టాల పరంపర ఎప్పుడో తెగిపోయింది. మధ్యయుగాల నుంచి ఇస్తున్నది చదువుకు ధ్రువీకరణ మాత్రమే. అంటే చదువుంటే చాలా? అంత అమాయకులా మీరు?

జార్ రష్యాను చూడండి. 1835 చట్టంతో సర్కారీ రబ్బీలు దిగారు. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రిజిస్టర్లో ఎక్కించడం వాళ్ల కొలువు. శాస్త్రం రాకున్నా ఫర్వాలేదు, రష్యన్ వస్తే చాలు. ధర్మసందేహం వస్తే జనం వేరే గడప తొక్కేవారు.

మరి శాస్త్రం వచ్చిన రెజీనా జోనస్ సంగతి? ఆడమనిషి రబ్బీ కావచ్చని శాస్త్రాధారాలతోనే 1930లో బెర్లిన్‌లో సిద్ధాంత వ్యాసం రాసింది. ఆమె చదివిన విద్యాలయం చేతిలో పెట్టింది మతబోధకురాలి సర్టిఫికెట్టు! చివరికి 1935లో రబ్బీ మాక్స్ డీనెమాన్ పట్టా ఇచ్చాడు. నాజీల దెబ్బకు రబ్బీలు కరువైనప్పుడు మాత్రం ఆమె ప్రసంగాలు అందరికీ కావాల్సివచ్చాయి. 1944లో ఆష్విట్జ్‌లో ఆమెను చంపేశారు. బతికి బయటపడ్డ పెద్దలు ఆమె ఊసే ఎత్తలేదు. 1972లో అమెరికా సాలీ ప్రీసాండ్‌కు పట్టా ఇచ్చి, తొలి మహిళా రబ్బీ అని చప్పట్లు కొట్టింది. జోనస్ కాగితాలు తూర్పు జర్మనీ దస్త్రాల గదిలోనే ఉన్నాయి. బెర్లిన్ గోడ కూలాక గానీ వాటి దుమ్ము దులపలేదు.

ఇప్పుడైనా బుద్ధొచ్చిందా? యూదు సంస్కరణవాదులకు వచ్చింది, కన్సర్వేటివ్‌లకూ వచ్చింది. అమెరికా ఆర్థడాక్స్ రబ్బీల మండలి మాత్రం 2015లో తీర్మానించింది: ఏ పేరు పెట్టినా సరే, ఆడవాళ్లకు పట్టా ఇవ్వడానికి వీల్లేదు!

అయ్యా, మీరిచ్చేది చదువుకు పట్టా అయితే చదువే చూడండి. కాదంటారా? అప్పుడు శాస్త్రాన్ని అడ్డం పెట్టుకోకండి. కుర్చీ వదలబుద్ధి కావడం లేదని చెప్పండి. నిజం చెప్పిన పుణ్యమైనా దక్కుతుంది.