వేలంపాటా, నీకు వందనం

వేలంపాటా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. నీలో లేని గుణం ఒక్కటీ కల్పించను. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకం నిండా పొగిడాడు. దేవుడు చేసిన పనులే ఏకరువు పెట్టాడు, విన్నవాళ్లకు అవి నిలదీతల్లా వినిపించాయి. నా పొగడ్తా అలాగే వినిపిస్తే దానికి కారణం నీ పనుల్లోనే ఉంది.

నైరూప్య చిత్రకళను నువ్వు ఎగతాళి నుంచి కాపాడావు. ఇది చిన్న మేలు కాదు. వి.ఎస్. గాయ్‌తోండే 1924లో నాగపూర్‌లో పుట్టాడు. ముంబై జె.జె. స్కూల్లో చదువుకుని, తర్వాత ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఒక మేడమీది గదిలో ఏళ్ల తరబడి ఒంటరిగా బొమ్మలు వేశాడు. 2001లో చనిపోయాడు. చిత్రకారుల లోకం దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. 2013 డిసెంబరులో ముంబైలో ఆయన కాన్వాసు ఒకటి 23.7 కోట్ల రూపాయలు పలికింది. 2015లో మరొకటి 29.3 కోట్లు, 2021లో ఇంకొకటి దాదాపు 40 కోట్లు పలికాయి. "ఇలాంటివి మా పిల్లాడూ గీస్తాడు" అనే నోళ్లు మూతపడ్డాయి. విమర్శకులు దశాబ్దాలు రాసీ సాధించలేనిది నువ్వు కొద్ది నిమిషాల్లో సాధించావు. జనం నవ్వడం మానేశారు. చూడడం మాత్రం మొదలుపెట్టలేదు.

ఆయన తన చిత్రాల్లో చాలావాటికి పేరు పెట్టలేదు. చూసేవాడి కంటికి ముందే ఒక మాట అడ్డుపడకూడదని కావచ్చు. ఆ వెలితిని నువ్వు పూడ్చావు. ఇప్పుడు వాటిలో ఒకటి 'నలభై కోట్ల బొమ్మ'. ఎవరైనా ఇట్టే గుర్తుపెట్టుకునే పేరు.

నీ వేగానికీ నమస్కరిస్తాను. గాయ్‌తోండే ఏడాదికి అయిదారు చిత్రాలకు మించి వేసేవాడు కాదు. రోలరుతో, ప్యాలెట్ కత్తితో పలచటి రంగును పొర మీద పొరగా పరిచేవాడు. కొంత గీకేవాడు, చింపిన కాగితాలతో కొంత రంగు ఎత్తేసేవాడు. అలాంటి చిత్రం ముందు నిలబడ్డ మనిషి కన్ను మొదట చెట్టునో, మొహాన్నో, ఊరినో వెతుకుతుంది. ఏదీ దొరకదు. విసుగొస్తుంది. చాలామంది అక్కడే వెనుదిరుగుతారు. నిలబడ్డవాళ్లకు ఇంకాసేపటికి వెతుకులాట ఆగుతుంది. ఒకే పసుపు అనుకున్నదాని అడుగున వేరే పసుపు, దానికి కింద మట్టిరంగు పైకి తేలుతూ కనిపిస్తాయి. ఎక్కడ ఒక రంగు ఆగి మరొకటి మొదలైందో తేల్చుకోలేక మనసు ఒక్కచోట కుదురుకుంటుంది. ఆ చిత్రానికి అర్థమంటూ ఉంటే ఆ కుదుటపడడమే. కాన్వాసుకూ మనిషికీ మధ్య, అంతసేపు నిలబడితేనే పుట్టేది అది. నీ గదిలో ఒక చిత్రానికి దక్కేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో కూడా అందరి కళ్లూ ఎత్తిన చేతుల మీదే ఉంటాయి.

ఇలాంటి అర్థం మనకు పరాయిది కూడా కాదు. మన వాకిట్లో మెలిక ముగ్గు ఏ వస్తువు బొమ్మా కాదు. చుక్కల చుట్టూ తిరిగే గీత మాత్రమే. దాని అర్థమేమిటని ఇంటావిడను ఎవరూ నిలదీయలేదు. వీధిలో పోయేవాళ్లంతా చూశారు, సాయంత్రానికి చెరిగిపోయింది. ధర కట్టడానికి నీకు అక్కడ ఏమీ మిగలలేదు.

చిత్రాలను నువ్వు భద్రంగా దాచిపెట్టిస్తావు. దీన్నీ మనస్ఫూర్తిగా పొగుడుతున్నాను, ఎందుకంటే వెలుతురు నిజంగానే రంగును తింటుంది. అమెరికా నైరూప్య చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వేసిచ్చిన చిత్రాలు 1960లలో ఒక భోజనశాలలో వేలాడి, కిటికీల ఎండకు వెలిసిపోయాయి. సంపన్నులు కళాఖండాలు దాచుకునే జెనీవా ఫ్రీపోర్టు గోదాముల్లో ఆ గతి పట్టదు. అక్కడ ఎండ లేదు, దుమ్ము లేదు, తేమ హద్దు దాటదు, మనిషి కన్ను తగలదు. నువ్వు అమ్మిపెట్టిన చిత్రాలు కొన్ని అలాంటి చీకట్లో పెట్టెలు విప్పకుండానే చేతులు మారతాయి. హార్వర్డ్‌వాళ్లు మాత్రం 2014లో ఆ వెలిసిన కాన్వాసుల మీదికి రంగుల కాంతిని ప్రసరింపజేసి, పాత రంగులు తెలిసేలా జనానికి మళ్లీ చూపించారు. వెలిసిపోయినా చూసేవాళ్లు దొరికారు వాటికి.

రోత్కో ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతాను, నీలాంటి ఓర్పు ఆయనకు లేదు. 1958లో న్యూయార్కులో ఒక ఖరీదైన రెస్టారెంటు గోడలకు చిత్రాలు వేయడానికి ఒప్పుకున్నాడు. తర్వాత ఆ హోటల్లో భోజనం చేసి, అక్కడ తినేవాళ్లు తన బొమ్మల ముందు నిలబడరని గ్రహించి, తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశాడు. వాటిలో తొమ్మిదింటిని లండన్‌లోని టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. అక్కడ అవి ప్రదర్శనలో ఉన్నప్పుడు టికెట్టు లేకుండా చూడొచ్చు. హ్యూస్టన్‌లో ఆయన 14 చిత్రాల కోసమే కట్టిన ప్రార్థనాలయం 1971లో తెరిచారు. దానికీ ప్రవేశ రుసుము లేదు. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, ఒక్క ఆదివారం వెళ్లి కూర్చుంటే బాగుండును. 2012లో ఆయన 'ఆరెంజ్, రెడ్, ఎల్లో'కు నువ్వు 8.69 కోట్ల డాలర్లు పలికించావు. డబ్బు వెనక్కిచ్చినవాడి బొమ్మకు అంత తెచ్చిపెట్టావంటే నీ సామర్థ్యాన్ని ఒప్పుకోవాల్సిందే.

నీ లెక్కలు కచ్చితమైనవి. మన కాపీరైటు చట్టంలో 53ఎ అనే సెక్షన్ ఉంది. పదివేల రూపాయలు దాటి మారు అమ్మకమైన చిత్రంపై చిత్రకారుడికీ, ఆయన పోతే వారసులకూ వాటా హక్కు ఉందంటుంది. అది పది శాతానికి మించకూడదు. కొన్నవాడికి ఎంత పడింది, నీ రుసుము ఎంత అన్నది చివరి రూపాయి వరకు చెప్పగల నీ నోటి నుంచి ఈ వాటా మాట కూడా అంతే గట్టిగా వినాలని ఉంది.

ఇంత పొగిడాక ఒక్కటి అడిగే హక్కు నాకుంది. నీ క్యాటలాగులో ఆ చిత్రం ఎవరెవరి చేతులు మారిందో వరుసగా అచ్చేస్తావు. ఇకనుంచి అమ్మకపు పత్రంలో ఒక షరతు కూడా రాయించు. కొన్నవాడు ప్రతి అయిదేళ్లకూ ఆరు నెలల పాటు ఆ కాన్వాసును ఏదో ఒక ప్రజా గ్యాలరీకి అప్పివ్వాలి. ఢిల్లీ, ముంబైలతో ఆగకుండా మాధాపూర్‌లోని మన స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి కూడా పంపించు. దాని పక్కన ధర రాసిన చీటీ అంటించకు, ఎదురుగా ఒక బల్ల వేయించు చాలు.